రద్దు బటన్‌కు ముందు రాయాల్సిన షరతులు

సంపాదకులకు,

తెలంగాణలో 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ఇంటికి వెళ్లి చూడకుండా కంప్యూటర్ వడపోతతోనే తీసేశారన్నది కోర్టు ముందుకు వచ్చిన ఫిర్యాదు.

ఇలా కార్డులను వడపోసే సాఫ్ట్‌వేర్ కొనే టెండర్ పత్రంలో ‘సాఫ్ట్‌వేర్ న్యాయంగా, పారదర్శకంగా ఉండాలి’ అని రాస్తే పరీక్షించేవారికి పట్టు దొరకదు. ‘అధికారి ఇల్లు చూసి నివేదిక నమోదు చేసేదాకా రద్దు బటన్ పనిచేయకూడదు’ అని రాయాలి. అప్పుడు నివేదిక లేని కార్డును రద్దు చేయబోతే సరి, పాసో ఫెయిలో అక్కడే తేలిపోతుంది.

అసలు చిక్కు రికార్డుల పోలికలో, అంటే కార్డుదారుల పేర్లను వాహనాలు, భూముల వంటి వేరే శాఖల రికార్డులతో కలిపి అనర్హులను వెతకడంలో ఉంది. ఇంగ్లిషు అక్షరాల్లోకి వెళ్లేసరికి ఒకే లక్ష్మి రెండు మూడు స్పెల్లింగులతో కనిపిస్తుంది. ఇంటిపేరు ఒక శాఖలో ముందుంటే ఇంకో శాఖలో వెనక ఉంటుంది, మరోచోట పొడి అక్షరంగా మిగులుతుంది. ఆడవాళ్లకైతే ఒకచోట తండ్రి పేరు, మరోచోట భర్త పేరు. వీటన్నిటినీ కలపాలని పోలిక హద్దు (రెండు పేర్లు ఎంత దగ్గరగా ఉంటే ఒకే మనిషి అనుకోవాలన్న కొలత) సడలిస్తే, పక్క మండలంలో అదే పేరున్న మనిషి కారు ఈ ఇంటి లెక్కలో పడుతుంది. బిగిస్తే కొందరు అనర్హులు జాబితాలో మిగిలిపోతారు. ఏ తప్పు ఎంతవరకు ఒప్పుకోవాలో శాఖ అంకెల్లో రాసి సంతకం చేయాలి. దాన్ని కంపెనీకి వదిలేయకూడదు. 90 లక్షల కార్డులు ఉన్నాయనుకుంటే, నూటికి ఒకటి తప్పుగా రద్దయినా 90 వేల ఇళ్లకు బియ్యం ఆగుతాయి. అనర్హులకు కొన్నాళ్లు బియ్యం వెళ్లడం కంటే ఇది చాలా పెద్ద నష్టమని నా గట్టి నమ్మకం.

తనిఖీకి సిస్టమ్ ‘అనర్హులు’ అన్న జాబితా నుంచి వెయ్యి ఇళ్లు, ‘అర్హులు’ అన్న జాబితా నుంచి వెయ్యి ఇళ్లు లాటరీ పద్ధతిలో తీసి, తయారీదారులతో సంబంధం లేనివారిని పంపాలి. ఏ ఇల్లు ఏ జాబితాలోదో వారికి ముందే చెప్పకూడదు, చెబితే దాన్నే సమర్థించే నివేదికలు వస్తాయి. ఒంటరి మహిళలు, వలస కూలీలు, ఆదివాసీ మండలాల లెక్కలు విడివిడిగా తీయాలి, సగటులో వారి కష్టం కనబడదు. పోలిక సూత్రం మార్చిన ప్రతిసారీ ఇదంతా మళ్లీ చేయాలి.

రద్దుకు ముందు కార్డుదారుకు ఇచ్చే నోటీసు తెలుగులోనో ఉర్దూలోనో ఉండాలి. ఏ వాహనం నంబరుతో, ఏ సర్వే నంబరుతో కలిసిందో అందులో చెప్పాలి. అభ్యంతరం తేలేవరకు రేషన్ ఆగకూడదు.

విలువలను ఇలా పరీక్షించదగిన షరతులుగా మార్చే పద్ధతిని చెప్పే ఐఈఈఈ (అంతర్జాతీయ ఇంజినీర్ల సంస్థ) 7000 ప్రమాణం 2021లోనే వచ్చింది. పౌర సరఫరాల టెండర్లలో దాన్ని తప్పనిసరి చేసి, పరీక్ష ఫలితాలను మండలాలవారీగా ప్రజల ముందు పెట్టాలని కోరుతున్నాను.

– ఒక సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఇంజినీర్, హైదరాబాద్