నీ కాలి సంగతి నేనడగడం లేదు

చి. రమణకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. పద్మ కూతురికి పళ్లొస్తున్నాయి, దొరికిందల్లా కొరుకుతోంది. మీ నాయన కళ్లజోడు కాడ కూడా వదల్లేదు. బొరుగుల రేటు మళ్లీ పెరిగింది. అయినా ఉగ్గాని ప్లేటుకు ఐదు రూపాయలు పెంచుదామంటే మీ నాయన ఒప్పుకోడు.

ఫోన్ చేస్తే "కస్టమర్లున్నారమ్మా" అని పెట్టేసేవాడివి. ఇరవై రోజులుగా ఆ మాట కూడా లేదు, డబ్బులు మాత్రం పడుతున్నాయి. అందుకే ఉత్తరం రాస్తున్నా. దీన్ని మధ్యలో కట్ చేయలేవు కదా.

మొన్న గుత్తి నుంచి శీను వచ్చాడు. ఏదో పని మీద మద్రాసు పోయి, టీ నగర్‌లో నిన్ను చూశాడంట. పిలిచేలోపు జనంలో కలిసిపోయావంట. ఎడమ కాలు ఈడుస్తున్నావనీ, చీలమండ దగ్గర బాగా వాచిందనీ అన్నాడు. వాడికి చిన్నప్పటి నుంచీ ఒకటి చూసి నాలుగు చెప్పే అలవాటుంది. నేనేం పట్టించుకోలేదు.

అన్నట్టు, వెనక గోడకు సున్నం వేయించాం. ఖాసింబీ నీకు సలాం చెప్పమంది. ఆమె పేరు వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్తాను. వరద వచ్చిన మరుసటి ఏడు, 2010లో, నువ్వు నంద్యాల హాస్టల్లో ఉన్నప్పుడు నేను ఆసుపత్రిలో పడ్డాను కదా. జారి పడ్డానని నీకు చెప్పించాం. నేను జారి పడలేదు.

అప్పటికి పదిహేనేళ్లుగా పొద్దున ఐదింటి నుంచి ఆ బాణలి ముందు నిలబడుతున్నా. కింద పొయ్యి సెగ, పైన నిలువుకాళ్ల మీద పని. పొద్దున వదులుగా ఉండే కాలి పట్టీలు సాయంత్రానికి చర్మంలోకి దిగబడేవి. తీసి చూస్తే గజ్జె గజ్జెకూ గుంట. పిక్కల మీద నరాలు మెలికలు తిరిగి వానపాముల్లా లేచాయి. తర్వాత దురద, ఆ తర్వాత చీలమండ లోపలి వైపు చర్మం నల్లబడింది. చీర కుచ్చిళ్లు కాస్త కిందికి దించి కట్టుకున్నాను, ఎవరికీ కనబడలేదు. అంత తెలివి నాది.

ఒక రోజు వేణ్ణీళ్లు పోసుకుంటూ బీరపీచుతో ఆ దురద చోటే రుద్దాను. నొప్పి లేదు, ఏమీ లేదు. గోడ మీద ఎర్రగా చిమ్మితే ఏంటా అని చూశాను. నరం తెగి నెత్తురు! నేను గోడ పట్టుకుని అట్లే నిలబడ్డాను. అవ్వ కాఫీ పొడి డబ్బా పట్టుకుని అరుస్తోంది. మీ నాయన ఆటో కోసం ఉరికాడు, చెప్పులు కూడా వేసుకోలేదు. అప్పుడు ఖాసింబీ గోడ దూకి వచ్చింది. ఆ వయసులో ఎట్లా దూకిందో ఇప్పటికీ తెలీదు. "నిలబడతావేందే, పండుకో!" అని నన్ను పడేసి, కాలెత్తి బియ్యం మూట మీద పెట్టి, గుడ్డతో గట్టిగా అదిమి పట్టింది. ఆసుపత్రిలో ఆయాగా చేసిన మనిషి కదా. పది నిమిషాల్లో ఆగిపోయింది.

డాప్లర్ స్కాన్ తీసి నరాల్లో వాల్వులు చెడిపోయాయన్నారు. నాకేం అర్థం కాలేదు. ఫిజియోథెరపీ గదిలో ఒక పాప ఉండేది, నీకంటే రెండేళ్లు పెద్దదేమో. "మీ చేలో మోటారుకు ఫుట్ వాల్వ్ పోతే ఏమవుతుందమ్మా?" అని అడిగింది. పైకెక్కిన నీళ్లు మళ్లీ బావిలోకి జారిపోతాయన్నాను. "కాల్లో నెత్తురూ అంతే, పిక్క కండే దాన్ని పైకి తోసే పంపు. నువ్వు కదలకుండా నిలబడితే పంపు ఆఫ్ చేసినట్టే" అంది. చెడిన వాల్వు కసరత్తుతో బాగుకాదని కూడా ముందే చెప్పింది. వాపు, బరువు తగ్గుతాయి, పుండు పడే దాకా పోకుండా చూసుకోవచ్చు అంది.

అప్పటి నుంచి వాయి వాయికీ మధ్య ఇరవైసార్లు మడమలెత్తి దించుతాను. బజ్జీలు తినేవాళ్లు నవ్వేవాళ్లు, నవ్వనీ. నువ్వు కౌంటర్ వెనక నిలబడి చేస్తే ఎవరికి కనబడుతుంది? కూర్చున్నప్పుడు పాదాన్ని పైకి, కిందికి ఆడించు. గదికి రాగానే సెల్లు పక్కన పెట్టి, రెండు దిండ్లేసి కాళ్లు గుండె కంటే ఎత్తులో ఉండేట్టు ఇరవై నిమిషాలు పడుకో. రోజూ నడువు. అంగట్లో పది గంటలు నిలబడ్డా అది నడక కిందికి రాదు. మీ తమిళనాడులో అంగళ్లలో పనిచేసేవాళ్లకు కూర్చునే వసతి ఉండాలని 2021లో చట్టమే చేశారంట కదా, మీ ఓనరుకు తెలీదా? సరే, గొడవ పెట్టుకోవద్దులే.

లెక్చర్ ఇవ్వకూడదనే మొదలుపెట్టాను. ఈ ఒక్కటి విను. వాపు ఒక్క కాలికే ఉందా? ఉన్నట్టుండి వచ్చిందా? పిక్క వేడిగా ఉండి నొప్పిగా ఉందా? అయితే ఈ కసరత్తులన్నీ పక్కన పెట్టి ఆ రోజే డాక్టరు దగ్గరికి పో. నూనె పెట్టి పిసికించుకోవద్దు. లోపల నెత్తురు గడ్డ ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆయాసం వస్తే రాత్రి అని చూడకుండా ఆసుపత్రికి పో, డబ్బు మేం చూసుకుంటాం. ఈ నెల మాకు పంపొద్దు.

మెడికల్ షాపులో దొరికే బిగుతు సాక్సులు నీ అంతట నువ్వు కొనుక్కోవద్దు. నాకు ముందు చేతికీ కాలికీ బీపీ చూసి, కాలికి పోయే నెత్తురు సరిగ్గా ఉందని తేల్చుకుని అప్పుడు రాశారు. పొద్దున మంచం దిగకముందే ఎక్కించాలి, రాత్రి తీసేయాలి. మొదట్లో ఎంత లాగినా ఎక్కేవి కావు, గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు వేసుకుంటే పట్టు దొరికింది.

ఆదోని సంబంధం వాళ్లు మళ్లీ కబురు పెట్టారు. పిల్ల బీకాం. ఏం చెప్పమంటావు?

డాక్టరు సాక్సులు రాస్తే ఇక్కడ తెలిసిన అంగట్లో తీసి పంపుతాను, కొలతలు కావాలి. పొద్దున లేవగానే చీలమండ చుట్టూ ఎంత, పిక్క లావు ఉన్నచోట ఎంత, రెండు కాళ్లకూ విడివిడిగా రాయి. బట్టలంగడిలో పనిచేస్తూ టేపు లేదనకు.

శీను మీద కోపం పెట్టుకోవద్దు. నీతో చెప్పనని వాడికి ఒట్టేశాను.

అమ్మ