ఏ క్లాజు సంగతో చెప్పకుండా బానిసత్వమంటే ఎలా?

సంపాదకులకు,

ఆటగాడికీ జట్టు యజమానికీ కాంట్రాక్టు తగవు వచ్చినప్పుడల్లా ఎవరో ఒక పెద్దమనిషి మైకు అందుకుని జాతి మాట తెస్తారు. ఆ మాట ఎత్తకూడదని కాదు. ఏ క్లాజు గురించో చెప్పకుండా ఎత్తితే లాభపడేది యజమానే. 2010లో అమెరికా నల్లజాతి బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ విషయంలో అదే జరిగింది.

ఆ జులై 8న లెబ్రాన్ తన జట్టు క్లీవ్‌లాండ్ కావలియర్స్‌ను వదిలి మయామి హీట్‌కు వెళ్తున్నానని టీవీలో ప్రకటించాడు. ఆ రాత్రే కావలియర్స్ యజమాని డాన్ గిల్బర్ట్ బహిరంగ లేఖ పెట్టి పిరికితనం, నమ్మకద్రోహం అంటూ తిట్టిపోశాడు. అదీ పిల్లల పుట్టినరోజు కార్డులకు వాడే కామిక్ శాన్స్ అక్షరాల్లో! 11న నల్లజాతి పౌరహక్కుల నాయకుడు జెస్సీ జాక్సన్ స్పందించారు. గిల్బర్ట్‌ది బానిసల యజమాని మనస్తత్వమనీ, లెబ్రాన్‌ను పారిపోయిన బానిసగా చూస్తున్నాడనీ అన్నారు. మర్నాడు బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ కమిషనర్ డేవిడ్ స్టెర్న్ గిల్బర్ట్‌కు లక్ష డాలర్ల జరిమానా వేస్తూనే జాక్సన్ మాటలనూ తప్పుపట్టారు.

ఇక కాగితం మీద ఏముందో చూద్దాం. 2006లో పొడిగింపు రాసుకున్నప్పుడే 2010 వేసవిలో బయటికొచ్చే వెసులుబాటు లెబ్రాన్ పెట్టించుకున్నాడు. అప్పటి నిబంధనల్లో సొంత జట్టయితే ఆరేళ్లకు, ఏటా 10.5 శాతం పెంపుతో ఒప్పందం ఇవ్వొచ్చు. బయటి జట్టు ఇవ్వగలిగింది అయిదేళ్లు, 8 శాతమే. ఆ ఆరో ఏడాది కావాలంటే ఉన్న దారి ‘సైన్ అండ్ ట్రేడ్’: పాత జట్టే కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టి, దాన్ని అవతలి జట్టుకు బదలాయించాలి. లెబ్రాన్ ఆరేళ్ల, సుమారు 11 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇలాగే మయామి చేరింది. బదులుగా క్లీవ్‌లాండ్‌కు డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్లను జట్లు ఎంచుకునే చోట, మొదటి రౌండు పిక్‌లు రెండు, రెండో రౌండువి రెండు, ఒక ట్రేడ్ ఎక్సెప్షన్ (జీతాల పరిమితి దాటినా మరో ఆటగాణ్ణి తెచ్చుకునే వెసులుబాటు) ముట్టాయి. జాక్సన్ మాట్లాడేనాటికే ఈ లావాదేవీ ముగిసింది. అంటే గిల్బర్ట్ నోటితో ద్రోహి అంటూనే చేత్తో సంతకం పెట్టి రేటు రాబట్టుకున్నాడు. పాత యజమాని దగ్గరుండి బండెక్కించిన మనిషిని పారిపోయినవాడని ఎలా అంటాం?

లెబ్రాన్ తన కాంట్రాక్టుకు కట్టుబడ్డాడన్న మాట కూడా జాక్సన్ ప్రకటనలోనే ఉంది. దానికి పై లెక్క జోడించి ఆగి ఉంటే గిల్బర్ట్ దగ్గర జవాబుండేది కాదు. బానిస మాట రావడంతో ఆయన పని తేలికైంది. జాక్సన్‌తో ఏకీభవించను, దీనిపై చర్చించను అని రెండు ముక్కలు చెప్పి తప్పుకున్నాడు.

అలాగని జాతి ప్రమేయమే లేదనను. ఆ సెప్టెంబరులో సీఎన్‌ఎన్ అడిగితే, కొన్నిసార్లు ఉంటుందనే లెబ్రాన్ కూడా చెప్పాడు. కానీ అది జనం కోపంలో వెతకాల్సిన విషయం, కాంట్రాక్టులో దొరికేది కాదు.

బానిసత్వం మాటను సరైన చోట వాడినవాడు కర్ట్ ఫ్లడ్. 12 సీజన్లు ఆడిన ఈ నల్లజాతి బేస్‌బాల్ ఆటగాణ్ణి 1969లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ మాట మాత్రం అడగకుండా ఫిలడెల్ఫియాకు ఇచ్చేసింది. ఎంత జీతమిచ్చినా బానిస బానిసేనని ఆయన బాహాటంగా అన్నాడు. అంటూ వేలు పెట్టి చూపింది రిజర్వ్ క్లాజును. గడువు తీరినా ఆటగాణ్ణి మరో ఏడాది, ఆపైన ఇంకో ఏడాది అంటూ జట్టు తనకే కట్టేసుకునే నిబంధన అది. దానిపై దావా వేసి 1972లో అమెరికా సుప్రీంకోర్టులో 5-3 తేడాతో ఓడిపోయాడు. 1975లో ఆర్బిట్రేటర్ (తగవు తీర్చే మధ్యవర్తి) పీటర్ సైట్జ్ ఆ కట్టు ఒక్క ఏడాదికే చెల్లుతుందని తేల్చినప్పుడు గెలిచిన పిచర్లు (బేస్‌బాల్‌లో బంతి విసిరేవాళ్లు) మెస్సర్‌స్మిత్, మెక్‌నాలీ ఇద్దరూ తెల్లవాళ్లే. క్లాజుకు రంగు తేడా లేదు.

ఐపీఎల్ వేలం రోజున మన పత్రికల్లోనూ ‘అమ్ముడుపోయాడు’, ‘కొనేశారు’ అనే శీర్షికలు మామూలే. పేరు నమోదు చేసుకుని కనీస ధర రాసిచ్చేది ఆటగాడే. ఏ జట్టుకు వెళ్లాలన్నది మాత్రం అతని చేతిలో ఉండదు. ఎంపికయ్యాక సరైన కారణం లేకుండా తప్పుకుంటే రెండు సీజన్ల నిషేధం. ఇంగ్లండ్ బ్యాటర్ హ్యారీ బ్రూక్‌పై 2025లో పడింది ఇదే. వచ్చే వేలానికి ధరల పట్టిక వేసేటప్పుడు పక్కనే ఈ షరతులకూ ఒక పెట్టె కేటాయించమని మీ క్రీడా విభాగానికి నా మనవి.

— ఒక పాఠకుడు, గుంటూరు