చెరువు కట్టకు అవురు గడ్డి నాటించండి

సంపాదకులకు నమస్కారం.

2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది. అంత వానకు నీళ్లు కట్ట మీదుగా పొర్లితే ఏ గడ్డీ ఆపలేదు, దానికి మత్తడి (చెరువు నిండాక నీళ్లు బయటికి పోయే అలుగు) సరిగా ఉండాల్సిందే. నేను రాస్తున్నది ఏటా పడే మామూలు వానలకే కట్ట వాలు కోసుకుపోవడం గురించి. ఎండాకాలంలో మొరం పోసి చదును చేస్తారు. దసరా నాటికి అదే మొరం కట్ట కింది పొలాల్లో మేట వేస్తుంది.

దీనికి మన నేలలో పుట్టిన గడ్డే ఉంది. కూలర్లలో, తడికెల్లో వాడే వట్టివేరు అంటే ఈ అవురు గడ్డి వేళ్లే. ఒర్రెల వెంట, చిత్తడి జాగల్లో దుబ్బులుగా పెరుగుతుంది. వేరు పక్కలకు పాకదు, నిలువునా మూడు మీటర్ల దాకా దిగుతుంది. సర్కారు తుమ్మ అట్లా కాదు. దాన్ని కొట్టేశాక వేర్లు కుళ్లి కట్టలో బొక్కలు మిగులుతాయి, నీళ్లు వాటి వెంటే దారి చేసుకుంటాయి.

నాటడంలోనే పనంతా ఉంది. విత్తనం పట్టని దక్షిణాది రకమే తేవాలి, విత్తనం రాలే రకమైతే పొలాల్లోకి పోతుంది. దుబ్బును రెండు మూడు పిలకల చొప్పున విడదీసి, ఆకును జానెడు, వేరును నాలుగు వేళ్లంత ఉంచి కోసి, మిరుగం (మృగశిర కార్తె) వానలు పడి నేల బాగా నానినంక నాటాలి. మొక్కకు మొక్కకు 15 సెంటీమీటర్లు మించొద్దు. ఆ లెక్కన వంద మీటర్ల వరుసకు సుమారు 670 మొక్కలు పడతాయి. వాలు మీద ఒక వరుసకూ ఇంకో వరుసకూ మీటరు ఎత్తు తేడా చాలు.

వరుస మట్టంగా ఉండాలి. మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో లెవల్ చూసి ముగ్గు గీసుకుంటే సరి. కంటి అందాజుతో నాటితే నీళ్లు వరుస వెంటే పారి, పల్లం దగ్గర గుమిగూడి అక్కడ తెగ్గొడతాయి. చచ్చిన మొక్క జాగా ఖాళీగా వదిలినా అంతే, ఆ సందులో కోత ముందుకన్నా ఎక్కువవుతుంది. అందుకే మొదటి ఏడాదిలోనే సందులు పూడ్చాలి, కలుపు తీయాలి. చెట్టు నీడలో ఇది సరిగా ఎదగదు. ముదిరిన ఆకు గరుకు కాబట్టి పశువులు అంతగా ముట్టవు గానీ, లేత పిలకలను మేస్తాయి. తొలి ఏడాది మందలను కట్ట ఎక్కనివ్వొద్దు. రెండో ఏటి నుంచి మోకాలెత్తున కోస్తుంటే దుబ్బు చిక్కబడుతుంది. కోసిన గడ్డి గుడిసె కప్పుకో, తోటలో తేమ నిలిపే పరుపుకో పనికొస్తుంది.

వేరుకు ధర ఉందని కట్ట మీది దుబ్బులను మాత్రం తవ్వనివ్వొద్దు. తవ్విన చోట మట్టి గుల్లబారి మొదటికే మోసం వస్తుంది. వేరు అమ్ముకోవాలంటే ఇసుక చెలకలో వేరుగా వేసుకుని ఏడాదిన్నరకు తవ్వుకోవచ్చు.

చెరువు మరమ్మతుల అంచనాల్లో మొరానికి, రోలర్‌కు పద్దు ఉంటుంది. ఈ గడ్డి నారుకు, మొదటి ఏడాది కాపలాకు కూడా పద్దు పెట్టాలని నీటిపారుదల శాఖను కోరుతున్నాను. నారుమడి మాత్రం ఒక వానాకాలం ముందే వేయించాలి.

- ఒక పాఠకుడు, నర్సంపేట