ఆదివారం క్లాస్: బడ్జెట్ ఇంగ్లిష్

అందరికీ నమస్తే 🙏
ఈ ఆదివారం ఉదయం 7 గంటలకు, ఎప్పుడూ కూర్చునే లైబ్రరీ పై అంతస్తులోనే. ప్రభుత్వ ఖర్చు గురించి ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఏ మాట పక్కన ఏ మాట రావాలో చూద్దాం.

పోయిన వారం వ్యాసాలు దిద్దాను. విషయం అందరికీ తెలుసు, మార్కులు పోతున్నది ఇక్కడే. 'ఖర్చు చేయడం' అని మనసులో అనుకుని 'డూ ఎక్స్‌పెండిచర్' అని రాసేస్తున్నాం. రావాల్సింది 'ఇన్‌కర్ ఎక్స్‌పెండిచర్'. 'విద్య కోసం' అనుకుంటాం కాబట్టి 'స్పెండ్ ఫర్ ఎడ్యుకేషన్' వచ్చేస్తోంది. 'స్పెండ్ ఆన్' అనాలి. ఈ ఒక్క 'ఆన్' ఆరుగురి పేపర్లలో ఎర్ర ఇంకుతో రాశాను!

నిధులు కేటాయిస్తే 'అలొకేట్ ఫండ్స్'. ఒక్క పనికే అని పక్కన పెడితే 'ఇయర్‌మార్క్'. లోటు తగ్గిస్తే 'నారో', పెరిగితే 'వైడెన్'. 'కట్ స్పెండింగ్', 'కర్బ్ స్పెండింగ్' ఒకటి కావు: మొదటిది కోత, రెండోది కళ్లెం. నాకు బాగా నచ్చిన జంట ఇది.

మీరు చేయాల్సింది: 2023-24 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో మూలధన పెట్టుబడిని 33 శాతం పెంచి 10 లక్షల కోట్ల రూపాయలకు చేర్చిన పేరా ఉంది. అది చదివి, 'ఔట్‌లే' (ఖర్చుకు కేటాయించిన మొత్తం) అన్న మాటతో ఏ క్రియ వాడారో నోట్‌బుక్‌లో రాసుకురండి. ఆ మాటలతోనే మీ సొంత వాక్యాలు ఐదు. గైడ్లలోంచి ఎత్తి రాయొద్దు, ప్లీజ్.

వస్తున్నదీ లేనిదీ శనివారం రాత్రి 9 లోపు ఇక్కడే చెప్పండి, జిరాక్స్‌లు తీయించాలి.