పచ్చడి సీసాతో పాటు పంపిన ఉత్తరం

నాన్నా చిన్నా,

బేబీ అక్క వాళ్ళబ్బాయి రేపు సాయంత్రం నర్సాపురం ఎక్స్‌ప్రెస్‌కి వస్తున్నాడంటే వాడి చేతికి ఈ సంచి ఇచ్చి పంపుతున్నా, అందులోనే ఈ ఉత్తరం పెట్టాను. రొయ్యల పచ్చడి పెద్ద సీసా, ఎండు రొయ్యపొట్టు పొట్లం, కొబ్బరుండలు ఇరవై. సీసా మూత కింద పాలిథిన్ కవరు వేసి రబ్బరు బ్యాండు బిగించాను, అయినా నూనె కారుతుందేమోనని వేరే కవర్లో పెట్టాను. కొబ్బరుండలు బెల్లంవి, వారం దాటితే వాసనొస్తాయి, ముందు అవి తినెయ్యి.

ఇక్కడ సార్వా కోతలు అయిపోయినట్టే. మన చేను మిషనుతో కోయించారు నాన్న. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనరు కదా, అందుకని నాలుగు రోజులు రోడ్డు పక్కన బరకాల మీద ఆరబోసి, రాత్రిళ్ళు మంచుకి తడవకుండా కప్పి, అక్కడే మడత మంచం వేసుకుని పడుకున్నారు, నడుం పట్టేసింది. నువ్వు ఫోన్ చేసి ఎలా ఉందని అడిగితే బాగుండేది. నీ ఫోను వచ్చి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. నేను పెట్టిన మెసేజ్‌లకి బొటనవేలు బొమ్మ పెడుతున్నావు, చూశావని తెలుస్తోంది, అంతే.

సండే స్కూల్ పిల్లల చేత ఈసారి కూడా క్రిస్మస్ నాటకం వేయిస్తున్నా. జ్ఞానుల బట్టల కోసం అటక మీద పెట్టె దించితే నువ్వు నాలుగో తరగతిలో పట్టుకున్న సాంబ్రాణి డబ్బా దొరికింది, దాని మీద అంటించిన బంగారు కాగితం ఇంకా ఊడలేదు. క్రిస్మస్‌కి కట్టే నక్షత్రం కూడా ఆ పెట్టెలోనే ఉంది. ఒక కొమ్ము దగ్గర కాగితం చిరిగింది, ఇంకా అతికించలేదు.

సుధ పిన్ని మొన్న ఫోన్ చేసింది. నువ్వు ఈమధ్య వేరే సంఘానికి వెళ్తున్నావంట, క్రిస్మస్ అన్యుల పండగని అక్కడ గట్టిగా చెబుతున్నారంట, ఈ ఏడు ఇంటికి రానన్నావంట, దీపావళికి మీ ఇంటి ఓనరు గారి భార్య స్వీట్ బాక్స్ తెస్తే గుమ్మంలోనే తిప్పి పంపేశావంట. పిన్ని మాటల్లో సగం తీసేసే వింటాను నేను. కానీ రిజర్వేషన్ చేయించావా అని రెండుసార్లు అడిగితే నువ్వు జవాబివ్వలేదు కాబట్టి ఆ మిగిలిన సగం నన్ను నిద్రపోనివ్వట్లేదు.

నీకు దగ్గు తగ్గిందా? మిరియాల కషాయం పెట్టుకోమన్నాను, పెట్టుకున్నావో లేదో. బండి మీద పొద్దున్నే వెళ్ళేటప్పుడు చెవులకి మఫ్లరు కట్టుకో, హెల్మెట్ ఉంది కదా అనుకోకు.

ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పినదాన్ని కాబట్టి నువ్వు విన్నవాటిలో ఏది నిజమో ఏది కాదో నాకు తెలిసినంత చెప్తాను, క్లాసు పీకుతోంది అమ్మ అనుకోకుండా చదువు. డిసెంబర్ 25న యేసయ్య పుట్టాడని బైబిల్లో లేదు, అది నేనూ ఒప్పుకుంటా. రోమా చక్రవర్తి ఔరేలియన్ 274లో సూర్యుడికి పెద్ద గుడి కట్టించాడు, అదీ నిజమే. కానీ డిసెంబర్ 25 సూర్యుడి పుట్టినరోజని మనకి దొరికిన మొదటి రాత 354 నాటి రోమా క్యాలెండరులో ఉంది, క్రీస్తు బెత్లెహేములో పుట్టింది అదే తారీఖని రాసున్నదీ ఆ క్యాలెండరు ఉన్న పుస్తకంలోనే, పైగా ఆ క్రైస్తవుల జాబితా 336 నాటిదని చరిత్రకారులు అంటారు. మరి ఎవరిది ముందు, ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారు అంటే తేల్చి చెప్పడం అంత సులువు కాదు నాన్నా. ఇంకో లెక్క కూడా ఉంది. ప్రభువు సిలువ మీద చనిపోయింది మార్చి 25 అని, మరియమ్మ గర్భం ధరించింది కూడా అదే తారీఖని పాతకాలం వాళ్ళు నమ్మేవాళ్ళు, ఆగస్టీన్ కూడా రాశాడు, అక్కణ్ణుంచి తొమ్మిది నెలలు లెక్కపెట్టు ఎక్కడికొస్తుందో.

డిసెంబర్ 25 బాబెలు ఏలిన నిమ్రోదు పుట్టినరోజంటారు, అది మాత్రం నేను ఒప్పుకోను. ఆదికాండం 10వ అధ్యాయం తీసి చూడు, అతను పరాక్రమంగల వేటగాడని ఉంది, ఏ పట్టణాలు ఏలాడో ఉంది, పుట్టినరోజు లేదు. 19వ శతాబ్దంలో స్కాట్లండ్‌లో ఒక పాస్టరు రాసిన పుస్తకం నుంచి ఆ మాటలు ఊరూరా తిరుగుతున్నాయి. యిర్మీయా 10వ అధ్యాయం క్రిస్మస్ చెట్టు గురించే అంటారు కదా, అది అడవిలో చెట్టు నరికి బొమ్మ చెక్కి వెండి బంగారాలు తొడిగి మేకులు కొట్టి నిలబెట్టే విగ్రహం గురించి. ఇళ్ళల్లో క్రిస్మస్ చెట్టు పెట్టడం జర్మనీలో 16వ శతాబ్దంలో కనబడుతుంది, యిర్మీయా రెండువేల ఏళ్ళు ముందువాడు. ఈస్టర్ అనే పేరు ఒక దేవత పేరు మీద వచ్చిందని 725లో బీడ్ అనే సన్యాసి రాశాడు, ఆయన రాసింది ఇంగ్లిషు వాళ్ళ నెల పేరు గురించి, గ్రీకు వాళ్ళూ ఫ్రెంచి వాళ్ళూ ఇప్పటికీ ఆ పండగని యూదుల పస్కా పండగ పేరుతోనే పిలుస్తారు. పేరులో దేవుడుంటే దూరం పెట్టాలంటే మరి మీ సంఘం కూడుకునేది ఆదివారమే కదా, ఆదిత్యుడి వారం.

ప్రభువు కూడా చలికాలంలో యూదుల ఆలయ ప్రతిష్ఠిత పండగకి యెరూషలేము దేవాలయంలో ఉన్నాడని యోహాను సువార్త 10లో ఉంది. ఆ పండగ మోషే ధర్మశాస్త్రంలో లేదు, తర్వాత వచ్చింది. ఆయన వెళ్ళకుండా ఉండలేదు. ఇంకోటి, బాలుడి దగ్గరికి బంగారం సాంబ్రాణి పట్టుకొచ్చిన జ్ఞానులు యూదులు కారు, తూర్పున నక్షత్రాలు చూసుకునేవాళ్ళు. నువ్వు ఆ డబ్బా పట్టుకుని నడుస్తుంటే చేతులు వణికి మూత కింద పడింది, గుర్తుందా?

ఇవన్నీ నీ మీద గెలవాలని రాయట్లేదు. క్రిస్మస్ చేయకపోవడం మన ఇంటికి కొత్త కాదు, నీకు ఆ సంగతి సరిగ్గా ఎవరూ చెప్పలేదు. మీ తాతయ్య బతికున్నన్నాళ్ళూ క్రిస్మస్ చేయలేదు.

వాళ్ళది బ్రదరన్ సంఘం. 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన బౌడెన్, బీర్ నర్సాపురం కేంద్రంగా పని మొదలుపెట్టారు, ఆ గోదావరి డెల్టా మిషన్ విశ్వాసులు మీ తాతయ్య వైపు వాళ్ళు. తాతయ్యకి ప్రతి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరవడమే పండగ, ఇంక వేరే పండగ లేదనేవారు. మాది లూథరన్, మా నాన్నకి డిసెంబర్ వస్తే కాలు నిలిచేది కాదు. కోతల పండక్కి మేము గుడికి వరి కంకులు, గుమ్మడికాయలు, కోడిపుంజులు తీసుకెళ్ళేవాళ్ళం, ఆరాధన అయ్యాక వేలం పాటలో ఒకటే గొడవ. సంక్రాంతిని చూసి తెచ్చుకున్నారు అంటారేమో, పంట ఇంటికొస్తే ఎవరికైనా కడుపు నిండినట్టుంటుంది, ప్రథమ ఫలాలు తెమ్మని లేవీయకాండంలోనే ఉంది.

అలాంటి ఇంట్లోంచి 1991లో ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. మొదటి డిసెంబర్ 24 రాత్రి అందరూ పడుకున్నాక నాకు మా ఇల్లు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. లేచి గుమ్మం ముందు కళ్ళాపి జల్లి, పిండి డబ్బాలో ఉన్న బియ్యప్పిండితో ఎనిమిది కోణాల నక్షత్రం ముగ్గు వేశాను. చుక్కలు లెక్క తప్పి రెండుసార్లు చెరిపాను. వేసేటప్పుడు భయం వెయ్యలేదు, వేశాక వేసింది. మీ నాన్నని లేపితే చూసి ఏమీ అనకుండా తల పట్టుకున్నారు. చెరిపేద్దామని చెంబుతో నీళ్ళు తెచ్చాను, చెయ్యి రాలేదు. తాతయ్య రోజూ నాలుగింటికి లేచి లాంతరు పట్టుకుని దొడ్డివైపు చావిడికి ప్రార్థనకి వెళ్తారు, వీధి గుమ్మంలోంచే వెళ్ళాలి. నేను తలుపు వెనకాల నుంచున్నా. ఆయన బయటికొచ్చి లాంతరు కిందికి దించి చాలాసేపు చూశారు. నాకు నా గుండె చప్పుడు వినబడుతోంది. తర్వాత ఆయన పంచె పైకి పట్టుకుని, అరుగు అంచుకి ఒదిగి, ముగ్గుకీ గోడకీ మధ్య ఉన్న బెత్తెడు జాగాలో ఒక్కో అడుగు వేసుకుంటూ వెళ్ళిపోయారు. తెల్లారాక చూస్తే ఆ తడి మట్టిలో ఆయన మునివేళ్ళ గుర్తులు వరసగా ఉన్నాయి, ముగ్గు మీద ఒక్కటి పడలేదు.

ఆ రోజు ఆయన మామూలుగానే చేనుకి వెళ్ళారు, కొత్త బట్టలు కట్టలేదు. మధ్యాహ్నం వచ్చి నేను వండిన కోడికూర, కొబ్బరన్నం తిని, కూరలో ఉప్పు సరిపోయింది అమ్మాయ్ అన్నారు. నాలుగు రోజులకి వాళ్ళ సంఘం పెద్దలు ఇద్దరు వచ్చారు, మీ కోడలు ముగ్గేసిందంట కదా అని. తాతయ్య వాళ్ళకి టీ ఇప్పించి, బైబిల్లో రోమా పత్రిక 14వ అధ్యాయం తీసి, తినువాడు తిననివాని తృణీకరింపకూడదు, తిననివాడు తినువానికి తీర్పు తీర్చకూడదు అన్న చోట వేలు పెట్టి చదివి, పుస్తకం మూసి, వర్షాల గురించి మాట్లాడారు. అప్పణ్ణుంచి నేను ప్రతి ఏడూ ముగ్గుకి ఎడమ పక్కన మూరెడు జాగా వదిలేదాన్ని, ఆయన గోడకి రాసుకోకుండా నడుస్తారని. ఆయన పోయాక కూడా వదులుతున్నా. నువ్వు చిన్నప్పుడు, అమ్మా నీ ముగ్గు ఒక పక్కకి పోయింది అనేవాడివి.

ఓనరు గారి స్వీట్ బాక్స్ సంగతి మాత్రం నాకు ముల్లులా గుచ్చుకుంటోంది. విగ్రహానికి పెట్టింది అని చెబితే తినొద్దని పౌలు కొరింథీయులకి రాశాడు, నీకు మనసొప్పకపోతే తినకు, కోడిపందేల దగ్గరికి వెళ్ళకు, హారతి దగ్గర నుంచోకు, నేనెప్పుడైనా నుంచోమన్నానా? కానీ ఆవిడ నీకు జ్వరమొచ్చినప్పుడు మూడు రోజులు జావ కాచి ఇచ్చింది. 1996 నవంబర్ 6 తుఫాను రాత్రి మన పెంకులన్నీ ఎగిరిపోతే మనం మంగత్త వాళ్ళ డాబాలో మూడు రోజులున్నాం. దేవుడి గూడు ఉన్న గదిలోనే పడుకున్నాం, వేరే గది లేదు. అత్త ఒక మూల దీపం పెట్టుకునేది, తాతయ్య ఇంకో మూల కీర్తన చదివేవారు, మీరు గట్టిగా చదవండి అన్నయ్యగారూ, పిల్లలకి ధైర్యంగా ఉంటుంది అనేది. తాతయ్య ఆ దీపానికి దండం పెట్టలేదు, ఆవిడ వండిన అన్నం కాదనలేదు. ఇప్పటికీ సంక్రాంతికి ఆవిడ అరిసెలు, పోకుండలు పంపుతుంది, క్రిస్మస్‌కి మనం గులాబీ పువ్వుల పిండివంట, కేకు పంపుతాం. ఈసారి కూడా చిన్నాకి అరిసెలు విడిగా తియ్యాలా అని అడిగింది, ఏం చెప్పాలో తెలియక తియ్యమన్నాను. ఓనరు గారి ఇంటికి ఒకసారి వెళ్ళు నాన్నా, సంచిలో కొబ్బరుండలు పది విడిగా కట్టాను, నీలం దారం కట్టిన కవరు వాళ్ళదే.

నువ్వు గుడికి రావొద్దులే, కొత్త బట్టలు వద్దులే, కేకు కొయ్యొద్దు. 25న నాన్నతో పాటు చేనుకి వెళ్ళు, దాళ్వా నారుమడి దున్నించాలి, నడుంతో ఆయన ఒక్కరూ చెయ్యలేరు. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిను. నేను అడిగేది ఇంతే. టికెట్లు అయిపోతున్నాయంట, ఇవాళే చూడు, కింద బెర్తు దొరక్కపోయినా పర్వాలేదు. నర్సాపురం దాకా వెళ్ళి ఏరు దాటించే పంటు ఎక్కి రావొద్దు, పొద్దున్నే గోదారి మీద మంచు, నీ దగ్గు ముదురుతుంది. పాలకొల్లులోనే దిగు, నాన్న చించినాడ వంతెన మీదుగా బండేసుకుని వస్తారు.

నక్షత్రం సంగతి నువ్వు వచ్చాకే చూద్దాం, కట్టమని అడగను. ముగ్గు మాత్రం వేస్తాను, ఎడమ పక్కన మూరెడు జాగా ఉంచుతాను.

పచ్చడిలో తడి చెంచా పెట్టకు, బూజు పడుతుంది.

అమ్మ