ఇస్లా కాదు, ఐలా

సంపాదకులకు,

రెండు ఆదివారాల కిందట మీ అనుబంధంలో వేసిన పిల్లల పేర్ల జాబితాలో 'ఇస్లా' అని ఒక పేరు పడింది. దానికి ఎవరో ఒకరు సవరణ పంపే ఉంటారు, మీరు వేస్తారు అనుకున్నాను. మొన్నటి ఆదివారమూ లేదు. పైగా బుధవారం సినిమా పేజీలో అదే తప్పు మళ్లీ: హాలీవుడ్ నటి 'ఇస్లా ఫిషర్'.

అయ్యా, ఆ పేరు ఐలా. ఇంగ్లిషులో ఎస్ రాస్తారు (Isla), పలకరు. ఐ, లా, రెండే అక్షరాలు. 2009 మేలో బెంగాల్‌ను ముంచిన తుపానుకు ఇవే రెండు అక్షరాలు పెద్ద శీర్షికల్లో పెట్టుకున్నాం కదా, ఇప్పుడేమొచ్చింది?

ఉచ్చారణ ఒక్కటే అయితే పోనీలే అనుకోవచ్చు. 'స్పానిష్‌లో దీవి అని అర్థం' అని కూడా వేశారు. స్పానిష్‌లో ఇస్లా అంటే దీవే, కాదనను. అది లాటిన్ 'ఇన్సులా' నుంచి వచ్చిన మాట, వాళ్లు ఎస్ నిక్షేపంగా పలుకుతారు. ఈ పేరు మాత్రం స్కాట్లాండ్‌ది. పడమటి తీరాన ఐలా అనే దీవి ఉంది. లాఫ్రోయిగ్, లగావులిన్ విస్కీలు అక్కడివే. దీవి పేరు రాసేటప్పుడు చివర వై కూడా తగిలిస్తారు, అదీ పలకరు. స్కాట్లాండ్ పాత భాష గేలిక్‌లో 'ఈలె'. 7వ శతాబ్దం చివర అయోనా మఠాధిపతి అడమ్నాన్ లాటిన్‌లో రాసినప్పుడు అది 'ఇలియా', ఎస్ ఊసే లేదు. ఆ ఎస్ తర్వాత ఇంగ్లిషు రాతలో దూరింది. ఇంగ్లిషు 'ఐలండ్'లోని ఎస్ సంగతీ అంతే, పాత ఇంగ్లిషులో అది లేదు, 'ఐల్' అనే వేరే మాటను చూసి తగిలించుకున్నారు. అంటే వాళ్లు పొరపాటున రాసుకుని, పలకకుండా వదిలేసిన అక్షరాన్ని మనం నోరారా పలుకుతున్నాం. ఐలా పేరుతో స్కాట్లాండ్‌లో నదులూ ఉన్నాయి. ఒకటి యాంగస్ కొండల్లో పుట్టి టే నదిలో కలుస్తుంది, ఇంకోటి కీత్ ఊరి మీదుగా పోతుంది. పిల్లల పేరు దీవి నుంచా, నది నుంచా అని వాదించుకోవచ్చు గానీ, మధ్యలో స్పెయిన్‌కు పనిలేదు. మన ఇళాదేవి నుంచి వచ్చిందని రాయలేదు, అదే పదివేలు.

'హాలీవుడ్ పుణ్యమా అని పుట్టిన కొత్త పేరు' అన్నారు. నటి ఐలా బ్లెయిర్ 1944లో పుట్టింది, అదీ మన బెంగళూరులో. గాయని ఐలా సెయింట్ క్లెయిర్ పుట్టింది 1952లో. ఫిషర్ 1976లో మస్కట్‌లో స్కాటిష్ దంపతులకు పుట్టింది. అంటే స్కాట్‌లు పని మీద ఎక్కడికి పోతే అక్కడికి ఈ పేరూ పోయింది. సినిమాల వల్ల అది అమెరికా చెవిన పడిన మాట నిజం. అక్కడి మొదటి వెయ్యి పేర్లలోకి 2008లో గానీ రాలేదు. స్కాట్లాండ్‌లో మాత్రం 2020లో ఆడపిల్లల పేర్లలో మొదటి స్థానం దీనిదే. అంతకుముందు నాలుగేళ్లూ ఒలీవియా, 2021లో మళ్లీ ఒలీవియా. ఆ ఒక్క ఏడాది లెక్క పట్టుకుని 'ఏళ్ల తరబడి అగ్రస్థానం' అని రాయడం ఏం లెక్క? ఇంకో మెలికా ఉంది. అక్కడి జాబితాల్లో ఒక్కో వర్ణక్రమాన్ని ఒక్కో పేరుగా లెక్కిస్తారు. చివర వై ఉన్నది వేరు, లేనిది వేరు. వాటిని కలిపితే వరస మారిపోవచ్చు. ఇవేవీ చూడకుండా ర్యాంకులు వేయకండి.

అదే జాబితాలో 'హమీష్' అని ఇంకొకటి. అది హేమిష్. గేలిక్‌లో జేమ్స్‌ను షేమస్ అంటారు. మనం కృష్ణుణ్ని 'కృష్ణా' అని పిలిచినట్టు, వాళ్లు షేమస్‌ను పిలిచేటప్పుడు మొదటి 'ష' కాస్తా 'హ' అయి, చివరి 'స' 'ష్' అవుతుంది. బయటివాళ్లకు వినబడిన ఆ పిలుపే పేరై కూర్చుంది. సంబోధన ప్రథమా విభక్తి చదువుకున్న తెలుగువాడికి ఒక్క ముక్కలో బోధపడే సంగతి ఇది. దాన్ని వదిలేసి 'హమీష్ అంటే ధైర్యవంతుడు' అని ఎక్కడ దొరికింది మీకు?

ఇంగ్లిషులో తప్పుగా పలికినా రాత మారదు, తప్పు నోట్లోనే ఉండిపోతుంది. మన లిపిలో రాసిందే పలుకుతాం కాబట్టి మీరు వేసిన తప్పు చూసి రేపు బర్మింగ్‌హామ్‌లో ఉన్న మనవరాలిని తాతయ్య అదే పేరుతో పిలుస్తాడు. ఏజెన్సీ కాపీలో ఇంగ్లిషు అక్షరాలు చూసి గుణింతం కట్టేయడం ఇప్పుడు డెస్కుల్లో ఆనవాయితీ అయింది. రోడ్ల శాఖ బోర్డులైనా అంతే. తెలుగు ఊరి పేరును ఇంగ్లిషులో రాసుకుని, దాన్ని మళ్లీ తెలుగులోకి తెచ్చి, 'త'ను 'ట' చేసి, దీర్ఘం మింగి స్తంభానికి కొడతారు. అడిగితే టెండరు తీసుకున్నవాడి మీదకు తోస్తారు. వాళ్లను తిడుతూ మీరు సంపాదకీయాలు రాస్తారు, అదొకటి.

సవరణ వేసేటట్టయితే వాతావరణం గడి కింద ఇరికించకుండా అదే అనుబంధంలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. 'అచ్చుతప్పు' అని మాత్రం అనకండి. అచ్చుతప్పు ఒకచోట పడుతుంది, ఇది జాబితాలో మూడుసార్లు, సినిమా పేజీలో ఒకసారి పడింది.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం