ప్లైవుడ్ పరిచిన పెద్దాయనకి

అమెరికాలో, వెర్మాంట్‌లో ఓ చిన్న కాలేజీలో నేను థియేటర్, డాన్స్ చదివాను. 1934 వేసవిలో మార్తా గ్రాహం, డోరిస్ హంఫ్రీ లాంటి మోడర్న్ డాన్స్ దిగ్గజాలు బెన్నింగ్టన్‌లో డాన్స్ నేర్పిన రాష్ట్రం అది. అలాంటి చోట చివరి ఏడాది ప్రదర్శనకి నేను ఎంచుకున్నది కూచిపూడి తరంగం. ధైర్యం కాదు, నాకు బాగా వచ్చింది అదొక్కటే!

రెండు రోజుల ముందు, లైట్లు సరిచూసుకుంటుంటే గుండె గుభేలుమంది. స్టేజీ మీద పరిచింది మెత్తటి వినైల్ షీటు. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి జరిగితే షీటు కోసుకుపోతుంది, లేదా పళ్లెం అసలు కదలదు. తరంగంలో పళ్లెం కదలకపోతే ఇంకేముంది? టెన్షన్‌తో ఆ రాత్రి అన్నం సహించలేదు. సెట్లు తయారుచేసే షెడ్డులో ఒక పెద్దాయనకి వచ్చీరాని మాటల్లో చెప్పాను. ఆయన పళ్లెం తిరగేసి చూశారు, అంచు మీద వేలు రాశారు. ఏమీ అనలేదు.

మర్నాడు వెళ్లేసరికి స్టేజీ మధ్యలో ప్లైవుడ్ పలకలు! అతుకులు నున్నగా చెక్కి, చుట్టూ టేపు అంటించి, పైన నల్ల రంగు వేసి ఉన్నాయి. పళ్లెం జారింది. చెక్క మీద గజ్జెలతో పాటు అడుగు చప్పుడూ పలికింది.

సార్, ఆ హడావిడిలో మీ పేరైనా అడగలేదు. ప్రోగ్రాం కాగితంలోనూ వేయించలేదు, ఆ తప్పు నాదే. మీకు తెలుగు రాదు, అయినా మావాళ్లకి తెలియాలని రాస్తున్నాను. చాలా థాంక్సండీ. ఆ పళ్లెం ఇప్పుడు హైదరాబాద్‌లో మా ఇంట్లో ఉంది. అంచుకి మీ నల్ల రంగు ఇంకా వదల్లేదు.